ఒకే కప్పు కింద నాలుగు గదులు

ఇల్లు అద్దెకివ్వడం కూడా ఒక విద్యేనని నాకెవరైనా ముందు చెప్పి ఉంటే నవ్వేదాన్ని. గది కట్టాం, తాళంచెవి చేతిలో పెట్టాం, నెల తిరగ్గానే అద్దె తీసుకున్నాం, ఇందులో నేర్చుకునేదేముంది అనుకునేదాన్ని. ఆ ఏడు ఆషాఢంలో వచ్చే ఆడి మాసం అయ్యేసరికి మొత్తం నేర్చేసుకున్నాను. ఇప్పుడు పళ్ళిపాళయంలో కొత్తగా గదులు కట్టేవాళ్ళు సలహా కోసం నా దగ్గరికే వస్తారు. తులసిమణిని అడగండి, అన్నీ చెబుతుంది అంటారు. చెబుతాను. ఇదొక్కటి తప్ప.

మా ఆయన కందవేలుకు ఆరు పవర్‌లూమ్ మగ్గాలుండేవి. పని లేక మూడేళ్ళు దుమ్ము తిన్నాక, ఆ ఏడు పొంగల్ వెళ్ళగానే వాటిని పాత ఇనుముకు తూకం వేసి ఇచ్చేశాం. లారీ వెళ్ళిపోయాక మా ఆయన ఖాళీ షెడ్డులో చాలాసేపు నిలబడ్డాడు. నేను నిలబడలేదు. మేస్త్రీని పిలిచి షెడ్డుకు మూడు అడ్డుగోడలు కట్టించి నాలుగు గదులు చేయించాను. చేతిలో డబ్బు అయిపోవడంతో గోడల్ని కప్పు దాకా లేపలేదు. మనిషెత్తుకు రెండడుగులు పైదాకా లేపి ఆపేశాం. పైన పెంకుల కప్పు మాత్రం ఒక్కటే, ఈ చివర్నుంచి ఆ చివరి దాకా. ఒక గదిలో దగ్గితే నాలుగు గదుల్లో వినపడేది. షెడ్డు పక్కన మా ఇల్లు, మధ్యలో వాకిలి, వాకిట్లో నలుగురికీ కలిపి ఒక కుళాయి. ఇక మా అన్నం ఈ నాలుగు గదుల్లోంచే రావాలి.

వీధి చివర దేవానక్కకు ఇరవై రెండు గదులు. మొగుడు పోయాక ఒక్కతే నడుపుకొస్తోంది. నన్ను చూసి ముచ్చటపడి నాకు గురువుగా కూర్చుంది. బుగ్గన ఆకువక్క పెట్టుకొని మా అరుగు మీద పాఠం మొదలుపెట్టేది.

“ఏ ఊరని అడుగు. ఏం పనని అడుగు. ఎంతమందని అడుగు. పిల్లలు బాగా చదువుతున్నారా అని మాత్రం అడగమాకు. అడిగావా, వచ్చి నీ ఇంట్లో కూర్చుంటారు.”

“కూర్చుంటే ఏమక్కా?”

“కూర్చున్నోణ్ణి లెమ్మనడం కష్టం. మోటారు స్విచ్ ఎక్కడ పెట్టించావు?”

“వాకిట్లో, కుళాయి దగ్గర.”

“పిచ్చిదానా! రేపే ఎలక్ట్రీషియన్ని పిలిచి నీ వంటింట్లోకి మార్పించు. స్విచ్ ఎవరి గోడకుంటే ఇల్లు వాళ్ళది. ఇంకో మాట. వాళ్ళింట్లో ఏమిచ్చినా తాగకు. తాగిన నోటితో ఖాళీ చెయ్యమని అనలేవు.”

మా అత్త పావాయి లోపల గోడకానుకొని ఆకు దంచుకుంటూ ఇదంతా వినేది. “మనుషులకేనటే మీరు అద్దెకిచ్చేది?” అని ఒక్క విసురు విసిరేది. దేవానక్క పకపకా నవ్వేది. “ఇచ్చేదాకానే మనుషులు పెద్దమ్మా. ఇచ్చాక అద్దెవాళ్ళు” అనేది.

మూడు గదులు నిండాక, ఎండలు ముదిరిన వైకాసి మాసంలో చివరి గదికి మాడసామి వచ్చాడు. తిరునెల్వేలి అవతల ఏదో పల్లె, ఇక్కడ అద్దకం మిల్లులో పని. భార్య పేరు ఇసక్కి. ఎంతమందని అడిగాను. మేమిద్దరమేనక్కా అన్నాడు. నిజమే చెప్పాడు. అప్పటికి ఇద్దరే.

చేరే రోజు పొద్దున్నే ఇసక్కి కొత్త గదిలో పాలు పొంగించి, ఆ పాలు చిన్న గ్లాసులో పోసి, చక్కెర కలిపి తెచ్చి నా చేతికిచ్చింది. “మొదట మీరే తాగాలక్కా” అంది. తీసుకున్నాను. తాగుతానులే అని కిటికీలో పెట్టాను. మధ్యాహ్నానికి విరిగిపోతే తీసుకెళ్ళి కొబ్బరి మొదట్లో పోశాను. పోసి తలెత్తేసరికి ఇసక్కి కుళాయి దగ్గర బిందెతో నిలబడి చూస్తోంది.

“పిల్లి మూతి పెట్టిందమ్మా” అన్నాను.

“పోనీలెండక్కా, పిల్లైనా తాగింది” అంది నవ్వుతూ. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని వెతికాను. లేదు. ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

ఆడికి ముందొచ్చే ఆని మాసం చివర్లో ఒకరోజు తాడు మీద ముతక తెల్లచీర ఆరేసి కనపడింది. ఇసక్కి అలాంటి చీర కట్టదు. మిగతా మూడు గదుల్లోనూ కట్టేవాళ్ళు లేరు. వెంటనే ఒళ్ళు మండింది. వెళ్ళి తలుపు తోశాను. లోపల చాప మీద ఒక ముసలామె. కుడిచెయ్యి ఒళ్ళో చచ్చుబడి పడుంది, మూతి ఒక పక్కకు జారి ఉంది.

“మా అత్తక్కా” అంది ఇసక్కి గబగబా లేచి. “పెద్ద బావగారి దగ్గరుండేది. పక్షవాతం వచ్చాక మా తోటికోడలు గొడ్లపాకలోకి మార్చేసింది. ఈయన చూసి తట్టుకోలేక తెచ్చేశాడు. ఒక్క నెల. కొంచెం తేరుకోగానే…”

“ఇద్దరని చెప్పి చేరారు.”

ముసలామె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. పేరు పేచ్చియమ్మాళ్. ముద్దముద్దగా అయినా మాట స్పష్టంగానే వస్తోంది. “ఓనరమ్మవా? నేను మొత్తం మనిషిని కాదు తల్లీ. ఒక పక్కే పనిచేస్తోంది. సగమే లెక్కేసుకో” అంది.

నాకు నవ్వొచ్చింది. దేవానక్క మాట గుర్తొచ్చి బిగబట్టుకున్నాను. మా అత్తకు మాత్రం ఎవరి పాఠమూ లేదు. రెండో రోజే వెళ్ళి పేచ్చి పక్కన కూలబడింది. పేచ్చికి పళ్ళు లేవు, చెయ్యి ఆడదు. మా అత్తే ఆకూ వక్కా మెత్తగా దంచి ముద్ద చేసి ఆమె నోట్లో పెట్టేది. ఇద్దరూ కలిసి వీధిలో పోయే ఆడవాళ్ళందరి నడకనూ వెక్కిరించుకొని నవ్వుకునేవాళ్ళు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మా అత్త అంతగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

ఆడి వచ్చింది. గాలి మొదలైంది. మా వైపు ఆడి గాలికి తలుపులు మూసినా కూరలో ఇసుక పడుతుంది. పద్దెనిమిదో రోజు పండగకని అందరం కావేరికి వెళ్ళి తలంట్లు పోసుకొని పసుపుతాళ్ళు కట్టుకొని వచ్చాం. ఆ తర్వాత మూడో రోజు పేచ్చికి మళ్ళీ పక్షవాతం వచ్చింది. ఈసారి మాట పోయింది, మింగుడు పోయింది. మాడసామి ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళి మర్నాడు అదే ఆటోలో వెనక్కి తెచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళిపోండి, రెండు రోజులో మూడు రోజులో అన్నారట.

సంగతి తెలిసి దేవానక్క వచ్చింది. అరుగు మీద కూర్చోలేదు, నిలబడే అడిగింది.

“ఎలా ఉంది?”

“చెంచాతో నీళ్ళు పోస్తే పక్కనుంచి కారిపోతున్నాయక్కా.”

“నక్షత్రం చూశావా?”

చూడలేదు. నాకు తోచనేలేదు. మా అత్తే లేచి గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, కళ్ళు చికిలించి చదివింది. ఈ లెక్కలు ఆమెకు బాగా వచ్చు. వీధిలో ఎవరికి ముహూర్తం కావాలన్నా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. “ఇవాళ శ్రవణం. రేపు పొద్దున తొమ్మిది దాటితే ధనిష్ఠ” అంది. అన్నాక తానేమన్నదో ఆమెకే అర్థమైనట్టు క్యాలెండర్ మీంచి వేలు తీసేసింది.

“అయిపోయావు తులసీ” అంది దేవానక్క. “ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి. ఐదు నక్షత్రాలు, ఐదు రోజులు. వీటిలో ప్రాణం పోతే ఆరు నెలలు మూత. మూత అంటే ఆ గదొక్కటే అనుకుంటున్నావా? కప్పు ఎంత దూరముంటే అంత దూరం. నీ గోడలు కప్పును తాకట్లేదుగా?”

నాలుగు గదులూ ఆరు నెలలు తాళం. ఉన్న మూడు కుటుంబాలూ ఆ సాయంత్రమే సామాను సర్దుకుంటాయి. ఆరు నెలల తర్వాత తెరిచినా, ఆ షెడ్డా, అక్కడ ధనిష్ఠ చావు జరిగిందట అని ఎవరూ తొంగిచూడరు. మగ్గాలు లేవు, భూమి లేదు. మేం ముగ్గురం ఏం తినాలి? ఇంకో లోడు ఇటుకకు ఆ రోజు డబ్బుండి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

“రేపే ఖాళీ చెయ్యమంటాను” అన్నాను.

“ఆడిలో ఎవరు చేర్చుకుంటారు వాళ్ళని? నేను చేర్చుకుంటానా? ఆడిలో కొత్తింట్లో పాలు పొంగించేవాళ్ళెవరైనా ఉన్నారా? వాళ్ళని ఉండనీ. ముసలిదాన్ని మాత్రం బయటికి తీయించు. తొమ్మిదిలోగా.”

మా అత్త రోకలి పక్కన పెట్టింది. “ప్రాణమున్న మనిషిని ఎక్కడికి తీస్తారే?” అంది.

సాయంత్రం మాడసామిని వాకిట్లోకి పిలిచాను. చేతులకింకా నీలం రంగు ఉంది. మా ఆయన్ను కూడా పక్కన నిలబెట్టుకున్నాను. ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

“అమ్మను మీ ఊరు తీసుకెళ్ళిపో మాడసామీ.”

“ఎనిమిది గంటల దారక్కా. కదిలిస్తే దారిలోనే పోతుందన్నారు.”

“అయితే ఆస్పత్రిలో పెట్టు.”

“అక్కడ వద్దంటేనే కదక్కా తెచ్చింది.”

“ఎదురుగా నేత సొసైటీ వాళ్ళ పాత రంగుల షెడ్డు ఖాళీగానే ఉంది. పైన రేకులున్నాయి. మూడు పక్కలా గోడలున్నాయి.”

నేనేం చెబుతున్నానో అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మా ఆయన వైపు చూశాడు. ఆయన తలెత్తలేదు. మళ్ళీ నా వైపు తిరిగాడు.

“అమ్మక్కా ఆవిడ. నూలు మూట కాదు.”

“నేనేమన్నా చావమన్నానా? నక్షత్రం బాగాలేదు. ఐదు రోజులు అక్కడుంచమంటున్నాను. రేవతి దాటాక నిక్షేపంలా తెచ్చుకో, నేను కాదన్నానా?”

“ఒక పాకలోంచి తెచ్చానక్కా. మళ్ళీ ఇంకో పాకలో పెట్టమంటారా? నా వల్ల కాదు” అని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. మొదటిసారి ఒక అద్దెవాడు నా మొహం మీద తలుపేశాడు. నా తలుపు.

మర్నాడు పొద్దున నేను ఎవరితోనూ గొడవ పడలేదు. మోటారు వెయ్యలేదు, అంతే. వంటింట్లోకి మార్పించిన స్విచ్ కింద పీట వేసుకొని కూర్చొని ఉల్లిపాయలు తరిగాను. ఆరున్నరకు బిందెలు వచ్చాయి. ఏడుకు ఖాళీ బిందెల చప్పుడు మొదలైంది. ఏడున్నరకు ఒకామె గుమ్మంలోకి వచ్చి, “అక్కా, నీళ్ళు?” అంది. “ఆ చివరి గదివాళ్ళని అడగండి” అన్నాను. ఆ తర్వాత నేను ఒక్క మాట మాట్లాడాల్సిన పని లేకపోయింది.

మిగతా మూడు గదులవాళ్ళే మాట్లాడారు. మొదట బతిమాలుతూ, తర్వాత గొంతు పెంచి. మాకూ పిల్లలున్నారు, ఆడిలో మేమెక్కడికి పోతాం, నీ ఒక్కడి అమ్మ కోసం అందరం రోడ్డున పడాలా అన్నారు. మొన్నటిదాకా ఆ ముసలామెకు జావ కాచి ఇచ్చినవాళ్ళే. గోడలు కప్పు దాకా లేవుగా, ప్రతి మాటా ఆమెకు వినపడే ఉంటుంది.

తొమ్మిదికి పావుగంట ఉండగా తలుపు తెరుచుకుంది. మాడసామి చాపతో సహా తల్లిని తల వైపు ఎత్తి పట్టుకున్నాడు. ఇసక్కి కాళ్ళ వైపు. చాప మధ్యలో కుంగిపోతోంది. “అన్నా, ఒక చెయ్యి వెయ్యండి” అన్నాడు మా ఆయనతో. మా ఆయన నా మొహం చూశాడు. చూసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మా అత్త వచ్చి వంగి చాప అంచు పట్టుకుంది. పేచ్చి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నా ముందునుంచి తీసుకెళ్తుంటే ఆ కళ్ళు పక్కకు తిరిగి నన్ను చూశాయి. తిట్టలేదు, బతిమాలలేదు. సంతలో కొత్త మనిషిని చూసినట్టు చూశాయి.

వాళ్ళు గేటు దాటగానే మోటారు వేశాను. కుళాయి దగ్గర బిందెలు నిండసాగాయి.

రెండు రోజులన్న మనిషి ఐదు రోజులు బతికింది. ఆ షెడ్డుకు నాలుగో పక్క లేదు. ఇసక్కి అక్కడ తన చీరొకటి కట్టింది. గాలికది మధ్యాహ్నానికే చిరిగి వీధి చివర ముళ్ళకంపలో చిక్కుకుంది. మళ్ళీ ఇంకోటి కట్టింది. దుమ్ము లేచినప్పుడల్లా మాడసామి తల్లి మొహం మీద తన వీపు అడ్డం పెట్టి వంగి కూర్చునేవాడు. మిల్లుకు వెళ్ళడం మానేశాడు. మూడో రోజు జల్లు పడితే రేకు కన్నాల కింద నుంచి చాపను మూడుసార్లు జరిపారు.

వీధిలో వాళ్ళు నన్ను తిట్టారు. నా వెనకాలే కాదు, మొహానే అన్నారు. కడుపున పుట్టిన పిల్లల్లేరు, అందుకే జాలి లేదంది ఒకామె. అన్నదే కానీ తన ఇంటి వసారా ఇస్తానని అనలేదు. ఒక్కరూ అనలేదు. నన్ను తిట్టి కాళ్ళు కడుక్కొని ఎవరిళ్ళలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. దేవానక్క మాత్రం ఒక డజను అరటిపళ్ళు పట్టుకొచ్చి, “ఇప్పుడు నువ్వు ఓనరువి” అంది.

మా అత్త రోజూ పొద్దున వెళ్ళి పొద్దుగూకాక వచ్చేది. వెళ్ళేటప్పుడు రోలూ రోకలీ పట్టుకెళ్ళేది. మింగలేని మనిషికి ఆకెందుకని అడిగితే, “వాసన చూస్తుంది” అంది. నేను, “వచ్చేటప్పుడు కాళ్ళు కడుక్కొని లోపలికి రా అత్తా” అన్నాను. ఆమె ఆ రోజు నుంచి కాళ్ళే కాదు, వాకిట్లో తలారా స్నానం చేసి వచ్చేది. నాతో మాట్లాడటం మానేసింది.

ప్రతి పొద్దునా లేవగానే నేను గేటు దగ్గరికి వెళ్ళి ఆ షెడ్డులోకి చూసేదాన్ని. ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని. అబద్ధమెందుకు, పోతే పీడ విరగడవుతుందనే అనుకున్నాను. పోయి ఉంటే రోజూ చూడాల్సిన బాధ తప్పుతుంది కదా అనుకున్నాను. ముసలామె మీద కోపం కూడా వచ్చింది. చచ్చేది చావక నన్ను వీధిలో రాక్షసిని చేస్తోందని కోపం.

ఆరో రోజు పొద్దున ఆరున్నరకు గేటు దగ్గర మాడసామి నిలబడి ఉన్నాడు. స్నానం చేసి, తల దువ్వుకొని, ఉతికిన చొక్కా వేసుకొని వచ్చాడు.

“అక్కా, రేవతి అయిపోయింది. ఆరూ ఇరవైకి అశ్విని వచ్చింది. టీ కొట్టు క్యాలెండర్‌లో చూశాను. అమ్మ ఇంకా ఉంది.” గొంతులో సంతోషం దాగడం లేదు. పరీక్ష పాసయినవాడిలా ఉన్నాడు. “రేవతి దాటాక తెచ్చుకోమన్నారు కదక్కా.”

“తెచ్చుకో నాయనా, తెచ్చుకో” అంది వెనకనుంచి మా అత్త. అప్పటికే కొంగు బిగించుకుంది.

“ఆగండి” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలుసు. ఐదు రోజులు ఇంత నింద మోశాను, ఇప్పుడు చివర్లో తేడా వస్తే అంతా బూడిదే అనిపించింది. చెప్పులేసుకొని దేవానక్క ఇంటికి నడిచాను. ఆమె దేవుడి అలమరలోంచి పంచాంగం తీసి కళ్ళజోడు పెట్టుకొని వేలితో వరస పట్టుకుంది.

“రేవతి పదకొండున్నర దాకా ఉంది కదే.”

“మా ఇంట్లో క్యాలెండర్‌లో ఆరూ ఇరవై అనుందక్కా.”

“నీది గణితం ప్రకారం వేసింది. నగల కొట్టువాడు ఊరికే ఇచ్చింది. ఇది గుడిలో చూసే వాక్య పంచాంగం. రెండింటికీ ఎప్పుడూ కుదరదు. నీ ఇష్టం తులసీ, గదులు నావా?”

వెనక్కి వచ్చాను. ఇద్దరూ గేటు దగ్గరే ఉన్నారు. మా ఆయన కూడా లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“గుడి పంచాంగంలో పదకొండున్నర అనుంది” అన్నాను. “ఐదు రోజులాగావు. ఐదు గంటలాగలేవా?”

మా అత్త అప్పుడు నాతో మాట్లాడింది. “తులసీ, నలభై ఏళ్ళుగా నేను చూస్తున్నది ఈ గోడ మీది క్యాలెండరే. నీ పెళ్ళి ముహూర్తం పెట్టిందీ దీన్ని చూసే. ఇవాళ ఇది పనికిరాకుండా పోయిందా? తెచ్చుకోనివ్వవే.”

“పదకొండున్నర” అన్నాను.

మాడసామి వాదించలేదు. “అలాగేనక్కా” అన్నాడు. వెళ్ళి గది తలుపు తీసి నేల కడిగాడు. అతను అడగకుండానే నేను మోటారు వేసి ఇచ్చాను. ఇసక్కి కొత్త చాప కొనుక్కొచ్చి పరిచింది. దిండుకు ఉతికిన గలీబు తొడిగింది. కిటికీకి అడ్డంగా సంచీ కట్టింది, దుమ్ము రాకుండా. అన్నీ చేసి ఇద్దరూ షెడ్డులోకి వెళ్ళి పేచ్చికి చెరో పక్కా కూర్చున్నారు.

పది దాటింది. నేను చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతున్నాను. ఎదురుగా ఇసక్కి ఒక్కసారి అరిచింది. తర్వాత ఏమీ వినపడలేదు. బియ్యం ఏరడం అయ్యాక చాట కింద పెట్టి లేచాను.

ఆమె ఏ నక్షత్రంలో పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఒక లెక్కన అశ్విని, ఒక లెక్కన రేవతి. ఎవరికి తోచిన లెక్క వాళ్ళు చెప్పుకున్నారు. షెడ్డులోంచి అటే కావేరి ఒడ్డుకు తీసుకెళ్ళిపోయారు. మా ఆయన వెళ్ళాడు. వచ్చాక రెండు రోజులు నా చేతి అన్నం తినలేదు. మూడో రోజు తిన్నాడు. ఆకలి ఎవరికైనా ఆకలే.

ఆడి అయ్యేదాకా వాళ్ళు ఆ గదిలోనే ఉన్నారు. ఇంకెక్కడికి పోతారు? ఇసక్కి రోజూ కుళాయి దగ్గరికి వచ్చేది, “నీళ్ళు వదులుతారా అక్కా” అనేది, పట్టుకెళ్ళేది. అదే అక్కా, అదే గొంతు. ఆడి వెళ్ళి ఆవణి మాసం వచ్చిన మొదటి రోజున ట్రాలీ ఆటో తెచ్చుకొని సామానెక్కించారు. ఇసక్కి తాళంచెవి తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

“గది కడిగామక్కా, చూసుకోండి. ఈ గదిలో ఎవరూ పోలేదు. ఎవరడిగినా ధైర్యంగా చెప్పుకోండి” అంది.

మూడో రోజే గది నిండింది. కొత్తవాళ్ళు అడిగారు కూడా, ఇంతకుముందు ఈ గదిలో ఏమైనా జరిగిందా అని. ఎవరూ పోలేదని ధైర్యంగానే చెప్పాను.

ఆవణి మూడో వారంలో మా అత్తకు జ్వరం తగిలింది. పెద్దదేం కాదు. గాలి మారినప్పుడు ఎవరికైనా వచ్చేదే. రాత్రి కషాయం కాచి ఇచ్చాను, తాగి పడుకుంది. పొద్దున నేను మోటారు వెయ్యడానికి లేచేసరికి ఆమె అప్పటికే లేచి, చాప చుట్టి చంకలో పెట్టుకొని, దిండూ చెంబూ పట్టుకొని వాకిట్లోకి వెళ్తోంది. నడక తూలుతోంది.

“ఎక్కడికత్తా?”

“ఎదురు షెడ్డులోకి.”

“అక్కడికెందుకు?”

“తొమ్మిది దాటితే ధనిష్ఠ” అంది. ఎత్తిపొడుపు కాదు. కోపమూ కాదు. బజారుకు వెళ్తూ కూరగాయలకని చెప్పినట్టు చెప్పింది. “రెండు పంచాంగాలూ చూశాను. ఈసారి రెండూ ఒక్కటే చెబుతున్నాయి.”

“నీకేమైందత్తా? ఉత్త జ్వరం! సాయంత్రానికి తగ్గిపోతుంది. నిన్నెవరు వెళ్ళమన్నారు? నేనన్నానా?” నా గొంతు నాకే కీచుగా వినపడింది. వెళ్ళి చాప పట్టుకొని లాగాను.

ఆమె గుంజుకోలేదు. చాప నా చేతికే వదిలేసింది. ఉత్త దిండూ చెంబుతో నడుస్తూ, “ఐదు రోజులే కదా అమ్మిణీ. రేవతి పోయాక నువ్వు రమ్మంటే వస్తాను” అంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. వాకిట్లో ఉన్న నులకమంచాన్ని ఒక్కడే ఎత్తి తల మీద పెట్టుకొని తల్లి వెనకాలే గేటు దాటాడు. నా వైపు చూడలేదు.

కుళాయి దగ్గర నాలుగు గదుల ఆడవాళ్ళూ బిందెలతో నిలబడి ఉన్నారు. కొత్తగా చేరినామె రెండడుగులు ముందుకొచ్చి, “పెద్దమ్మకేమైందక్కా, అక్కడికి తీసుకెళ్తున్నారు?” అని అడిగింది.

“ఏం లేదు” అన్నాను. “మోటారు వేస్తున్నాను, పట్టుకోండి.”